ఒక చెయ్యి జేబులో

జూన్ 4

బావమరిదికి,

ముందుగా ఒక గమనిక. ఇది క్షేమ సమాచారాల ఉత్తరం కాదు. క్షేమం గురించి కింద అడుగుతాను, అదీ నా క్షేమం గురించే.

నేను రిటైరై మూడు నెలలైంది. ఇరవై తొమ్మిదేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషికి వీడ్కోలు రోజున ఏమిస్తారు? గోడ గడియారం ఇస్తారనుకున్నాను. నా సీట్లో ఎవరో అమ్మాయి గొంతు రికార్డు చేసి పెట్టారు. ఆ గొంతుతోపాటు కొత్త ఆంప్లిఫయర్ వచ్చింది. పాతదాన్ని అట్టపెట్టెలో పెట్టి, రిబ్బను కట్టి నా చేతికిచ్చారు. పైన తుప్పు, లోపల బొద్దింకలు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం గుండ్రాయి. దాన్ని కొత్త ఇనప పెట్టెలో తిరిగి కట్టాలని పూనుకున్నాను.

ఎందుకంటావా. అక్కడ నేను ఒక్కసారి చెబితే ఐదొందలమంది సామాన్లు సర్దుకుని లేచి నిలబడేవాళ్ళు. ఇక్కడ మంచినీళ్ళు కావాలని మూడుసార్లు చెప్పాలి. మీ అక్కతో ఈ సంగతి అనలేదు. పాత కాగితాలు సర్దుకుంటున్నానని చెప్పి వెనక గదిలో చేరాను.

పాత పుస్తకాల కొట్లో ఆంప్లిఫయర్లు కట్టే పుస్తకం దొరికింది. అందులో జాగ్రత్తల అధ్యాయాన్ని ఎవరో చింపుకుపోయారు. వాళ్ళు బతికే ఉండి ఉంటారు. నేను మిగతా పేజీలు చూసి సగం కట్టాను. నిన్న మధ్యాహ్నం ఆన్ చేస్తే స్పీకర్లో ఒకటే గుర్రు. ఏ తీగ వల్లో చూద్దామని ఒక్కొక్కటే తీశాను. ప్లగ్గు నుంచి పెట్టెకు వచ్చే పచ్చ తీగ కత్తిరించగానే గుర్రు ఆగింది. సంతోషంతో పెట్టె మీద చెయ్యి వేశాను. చీమలు పాకినట్టైంది.

నా ప్రశ్న ఏమిటంటే, ఆ పచ్చ తీగ మరీ అంత అవసరమా?

జవాబు ఆలస్యమైనచో చింతిస్తూ ఉండే,
మీ బావ

---

జూన్ 9

బావగారికి నమస్కారం.

మిగతాది చదివే ముందు లేచి వెళ్ళి ప్లగ్గు పీకి రండి. నేను ఆగుతాను.

పీకారనుకుంటున్నాను. ఫోన్ చెయ్యబోయి మానుకున్నాను. ఫోన్లో మీరు నాకు మాట్లాడే వంతు ఇవ్వరు. పైగా కరెంటు సంగతి నోటిమాటగా చెప్పడం మా లిఫ్టు మెకానిక్కుల్లో తప్పు. అన్నీ కాగితం మీద పెడతాం, రేపు ఎవరైనా పోతే చూపించుకోవాలిగా.

పచ్చ తీగ ఎర్తు. పెట్టెలో ఎక్కడైనా కరెంటు తీగ ఇనుముకు తగిలితే, ఆ కరెంటు పచ్చ తీగ వెంట భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది. పచ్చ తీగ లేకపోతే అది మీరొచ్చి ముట్టుకునేదాకా అక్కడే కాచుకుని కూర్చుంటుంది. చీమలన్నారు చూశారూ, అవి చీమలు కావు. పైనుంచి పిలుపు. గుర్రు పోగొట్టే దారి తర్వాత రాస్తాను. ముందు అంతా విప్పేసి మళ్ళీ కట్టండి. అన్నీ అయ్యేదాకా ఆన్ చెయ్యకండి.

పనిచేసేటప్పుడు వాచీ, ఉంగరం తీసెయ్యాలి. పెళ్ళి ఉంగరమైనా సరే, కరెంటుకు ఆ మొహమాటాలు లేవు. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. కరెంటున్న పెట్టెలో ఏదైనా కొలవాల్సి వస్తే కుడిచేత్తోనే, ఎడమచెయ్యి జేబులో. ఇది ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. రెండు చేతులూ పెట్టారంటే కరెంటు ఒక చేతిలో ఎక్కి ఇంకో చేతిలో దిగుతుంది, మధ్యలో గుండె దగ్గర ఆగుతుంది. మీ భాషలో చెప్పాలంటే, గుండె మీదుగా పోయే బస్సు.

ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. అవి కోపిష్టి చుట్టాల్లాంటివి, గొడవ అయిపోయిందిగదా అని దగ్గరికి పోతే కొడతాయి. ఐదు నిమిషాలాగి, మీటరు పెట్టి, సున్నా చూపించాకే చెయ్యి పెట్టాలి. ఐదంటే ఐదు. మీ బస్టాండు ఐదు నిమిషాలు కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, గదిలో ఒంటరిగా ఉండొద్దు. రెండో మనిషి కావాలి. ఆ మనిషికి స్విచ్చి అందుబాటులో ఉండాలి, చేతిలో పొడి కర్ర ఉండాలి. మీరు అతుక్కుపోతే ముందు స్విచ్చి ఆపాలి, ఆగకపోతే కర్రతో నెట్టాలి. అక్కను మాత్రం పెట్టుకోకండి. ఆమె ముందు మిమ్మల్ని వాటేసుకుంటుంది, స్విచ్చి సంగతి మీరిద్దరూ పైకి పోయాక ఆలోచిస్తుంది. గుండె ఆగితే ఏం చెయ్యాలో తెలిసిన మనిషి దొరికితే మేలు. అక్కకు ఇవన్నీ చెప్పి హడలగొట్టొద్దు. తలుపు దగ్గరగా వేసుకోండి, లేకపోతే మీ పిల్లి వచ్చి వైర్లలో పడుకుంటుంది.

పచ్చ తీగ కలిపారని రాసేదాకా నిద్ర పట్టని,
మీ బావమరిది

---

జూన్ 16

బావమరిదికి,

పచ్చ తీగ కలిపాను. నిద్రపో.

నువ్వు రాసినవన్నీ అక్షరం పొల్లు పోకుండా పాటిస్తున్నాను. ఉంగరం తియ్యడమే పెద్ద యుద్ధమైంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా వేలు లావెక్కుతూ వచ్చింది, ఉంగరం ఉన్నచోటే ఉండిపోయింది. సబ్బు, నూనె, చివరికి దారం చుట్టి లాగితే వచ్చింది. లాగింది ఎదురింటి నర్సమ్మగారు. నీ రెండో మనిషి ఆవిడే. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు చేసి మానేసింది, ఇప్పుడు వీధిలో ఇళ్ళకు వెళ్ళి ఇంజక్షన్లు, కట్లు చేస్తుంది. ఒంటరి మనిషి. అడగ్గానే ఒప్పుకుంది. ముందు నా బరువెంతని అడిగింది. పడితే ఎటువైపు దొర్లించాలో చూసుకోవడానికట.

రోజూ మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. దగ్గరగా వేసిన తలుపును పిల్లి తోసుకొస్తోంది కాబట్టి గడియ పెడుతున్నాం. ఆవిడ కర్ర పట్టుకుని స్టూలు మీద కూర్చుంటుంది, నేను టంకం పెట్టుకుంటాను. ఇద్దరం మాట్లాడుకోం. గంటన్నర తర్వాత చెమటలు తుడుచుకుని బయటికొస్తాం, ఫ్యాను గాలికి టంకం కడ్డీ చల్లబడుతుందని ఆపేస్తున్నాను మరి.

మీ అక్క నా వేలు చూసి, "ఉంగరమేదీ?" అంది. నువ్వు హడలగొట్టొద్దన్నావు కదా. "ఇప్పుడు దాంతో పని లేదు, తీసేశాను" అన్నాను. అప్పట్నుంచీ నేను మంచినీళ్ళు అడిగితే ఒక్కసారికే వస్తున్నాయి. గ్లాసు బల్లమీద పెట్టే చప్పుడు మాత్రం కాస్త ఎక్కువగా ఉంది.

ఎడమచెయ్యి జేబులో ఉంచి కుడిచేత్తో రాస్తున్న,
మీ బావ

---

జూన్ 22

బావగారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఒక చోట నుంచి ఒక మాట నా చెవిన పడింది. ఎవరు చెప్పారో చెప్పనని ఒట్టేశాను కాబట్టి అడగకండి. మీరు నాకన్నా పెద్దవారు, విడమరిచి రాయడానికి నా చెయ్యి రావడం లేదు. మన పని భాషలోనే రాస్తాను, అర్థం చేసుకోండి.

పాత కనెక్షన్ ముప్పై ఏళ్ళుగా నమ్మకంగా పనిచేస్తోంది. ఏనాడూ మిమ్మల్ని చీకట్లో పెట్టలేదు. దాన్ని తీసి పక్కన పెట్టి కొత్త వైరు లాగడం ఈ వయసులో దేనికి బావగారూ? ఇలాంటి వాటితోనే కొంపలు అంటుకునేది. నలుగురికీ తెలిస్తే మా అక్క తల ఎక్కడ పెట్టుకుంటుంది?

ఆ కొత్త కనెక్షన్ వెంటనే తీసెయ్యండి. నేను ఇంకేమీ అడగను.

ఇట్లు,
బావమరిది

(నమస్కారం పెట్టలేదని గమనించే ఉంటారు.)

---

జూన్ 27

బావమరిదికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ వృత్తి మీద గౌరవంతోనే చెబుతున్నాను, నువ్వు పొరపడ్డావు.

పాత కనెక్షన్ ముప్పై ఏళ్ళు పనిచేసింది నిజమే. అంతమాత్రాన కళ్ళకద్దుకుని కూర్చోవాలా? పైన తోలు ఎండిపోయింది, కాస్త వంచితే పెళుసు. ముట్టుకుంటే భయం వేస్తోంది. తీసి బయట పారేశాను. కొత్తది ఎంత మెత్తగా ఉందో, ఎటు వంచితే అటు వస్తోంది. ఎరుపు రంగు. ఈ పని పదేళ్ళ కిందటే చెయ్యాల్సిందని నర్సమ్మగారు కూడా అంది. మీ అక్క తల సంగతి నువ్వెందుకు ఎత్తావో తెలియలేదు, తల ఎప్పటిలాగే ఉంది. ఈమధ్య కాస్త వంచుకుని నడుస్తోంది, మెడ పట్టేసిందేమో.

అసలు ఇబ్బంది వేరే ఉంది. వారం రోజులుగా మేం తలుపు గడియ పెట్టగానే ఇంట్లో కరెంటు పోతోంది. టంకం పెట్టే కడ్డీ చల్లబడిపోతోంది. గడియ తీసి బయటికి వస్తే కరెంటు ఉంటుంది. మళ్ళీ గడియ పెడితే పోతుంది. గడియకూ కరెంటుకూ సంబంధం ఏమిటో నీ చదువులో ఎక్కడైనా ఉందా? మొన్న గడియ పెట్టినట్టు చప్పుడు మాత్రం చేసి చూశాం. అయినా పోయింది.

మెయిన్ బోర్డులో ఫ్యూజు తీగ చూస్తే తెగలేదు. తెగకుండానే పోతోందంటే తీగకు ధైర్యం చాలడం లేదనుకున్నాను. అది తీసేసి దడి కట్టే ఇనప తీగ వేశాను. ఇక తిరుగుండదు.

సర్వీసు అంతరాయానికి చింతిస్తూ,
మీ బావ

---

జూలై 2

బావగారికి నమస్కారం, నమస్కారం, మళ్ళీ నమస్కారం.

ఆ ఇనప తీగ ఇప్పుడే తీసెయ్యండి, మెయిన్ ఆపి. ఫ్యూజు ఉన్నదే తెగడానికి. తెగని ఫ్యూజు మొరగని కాపలా కుక్క. ఇల్లు మొత్తం కాలిపోయినా అది మాత్రం మిగులుతుంది.

ఇది నాలుగో కాగితం. మీ ఉత్తరం అందగానే బావగారని కూడా చూడకుండా మూడు కాగితాలు నింపి, పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. డబ్బా నోట్లో చెయ్యి ఉండగా అక్క ఫోన్ చేసింది. మీ మీద నాతో చెప్పుకుని ఏడ్చింది ఆమే, ఇక దాచి లాభం లేదు.

"ఒరేయ్, ఇవాళ తాళం చెవి కన్నంలోంచి చూశాను" అంది.

"వద్దక్కా, చెప్పకు" అన్నాను.

"చెప్పకపోతే నాకు పిచ్చెక్కుతుంది. ఆయన బూట్లు వేసుకుని ఒక చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డారు. ఆవిడ స్టూలు మీద కర్ర పట్టుకుని కూర్చుంది. అరగంట చూశాను, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇదేం సంబంధంరా? నాకేం అర్థం కాలేదు."

"కర్రా?"

"కర్రే. నా దుప్పట్లు దులిపే కర్ర."

నేను అక్కడే పోస్టు డబ్బాకు ఆనుకుని కూర్చుండిపోయాను. బూట్లు, జేబు, కర్ర, ఉంగరం, మూసిన తలుపు, అక్కకు చెప్పొద్దన్న మాట, అన్నీ నా దస్తూరీలో మీ దగ్గరున్నాయి. రెండో మనిషంటే మీరు రేడియో షాపు ముసలాయన్ని పిలుస్తారనుకున్నాను. అంతా చెప్పేశాను. అక్క "అయితే నువ్వా" అంది. ఆ రెండు మాటలకు నేను ఇంకా కోలుకోలేదు.

కరెంటు తీసింది కూడా ఆమే. గడియ చప్పుడు వినగానే వెళ్ళి మెయిన్ ఆపేదట, మీరు బయటికి వచ్చేలోపు వేసేదట. ఇకనుంచి రెండో మనిషి తనేనంటోంది. నేను వద్దన్నాను. "ముట్టుకోకుండా ఉండడం నాకు ఈ నెలలో బాగా అలవాటైంది" అంది. సరే కానివ్వండి. కానీ గడియ వద్దు. అక్క బయటుండి మీరు లోపల పడిపోతే తలుపు పగలగొట్టాలి. ఉంగరం పని అయిపోగానే వేలికి పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ప్లగ్గుకూ పెట్టెకూ మధ్య పాత రకం వేడెక్కే బల్బు ఒకటి కలపండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే క్షేమం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో తప్పుంది, వెంటనే ఆపాలి.

మీ దగ్గర తల ఎత్తుకోలేని,
బావమరిది

---

జూలై 9

బావమరిదికి,

ఇనప తీగ తీశాను. మీ అక్క దాన్ని పూలకుండీకి చుట్టింది.

నిన్న మధ్యాహ్నం మొదటిసారి ఆన్ చేశాం. మీ అక్క స్టూలు మీద, కర్రతో. స్విచ్చి మీద చెయ్యి తియ్యనేలేదు. బల్బు వెలిగింది. నిండుగా, పెళ్ళిపందిట్లోలాగా. నేను మురిసిపోయి, "చూశావా ఎంత వెలుగో, ఎంత బలమో" అంటూ పెట్టె మీద చెయ్యి వెయ్యబోయాను. టక్కున ఆగింది.

"మందగించలేదు" అంది మీ అక్క.

"కాస్త ఆగితే మందగించేది."

"వాడు వెంటనే అని రాశాడు. కాస్త అని రాయలేదు."

నీ ఉత్తరం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. నాకు రాసిన ఉత్తరం, నాకన్నా బాగా చదివింది. ఐదు నిమిషాలాగి, మీటరు పెట్టి, విప్పి చూస్తే, ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన మర కింద ఆ ఎర్ర వైరు, నేను అంత మెచ్చుకున్నది, నలిగి తోలూడి ఇనుముకు కరుచుకుని ఉంది. పచ్చ తీగ కలిపి ఉండబట్టి బల్బు వెలిగింది. లేకపోతే బల్బు చీకటిగా ఉండేది, నేను వెలిగేవాణ్ణి.

నేల మీద కూర్చున్నాను. మీ అక్క లేవలేదు, ముట్టుకోలేదు. కర్ర చివరతో నా భుజం మీద మెల్లగా తట్టింది. "కదలకండి కాసేపు" అంది. నీ నియమాలు ఎంత గట్టిగా పట్టుకుందో చూడు, కరెంటు లేకపోయినా.

ఇంకో చిక్కు వచ్చిపడింది. మా మీద అనుమానపడ్డ రోజుల్లో మీ అక్క లాండ్రీలో నర్సమ్మగారి గురించి ఒక మాట అందట. లాండ్రీలో అంటే వీధిలో అన్నట్టే. నర్సమ్మగారిని వారం నుంచి ఇంజక్షనుకు ఎవరూ పిలవడం లేదు. కట్టు మార్పించుకునే ఆయన కూడా తలుపు తియ్యలేదట. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. "మీ బరువు నా పుస్తకంలో రాసుకున్నాను, ఎప్పుడైనా పనికొస్తుంది" అంది. మీ అక్కకు ఆ రోజు అన్నం సయించలేదు. ఇల్లిల్లూ తిరిగి చెబుదామంటే, చెప్పినకొద్దీ ఊహించుకుంటారు. ఏం చెయ్యమంటావు?

బతికి రాస్తున్న,
మీ బావ

---

జూలై 13

బావగారికి నమస్కారం.

ఆ బల్బు సంగతి చదివి లిఫ్టు గుంతలో కూర్చుని కాసేపు ఏడ్చాను. పైన జనం బటన్ నొక్కుతూనే ఉన్నారు.

గుర్రు పోవాలంటే మైకు వైరు పైనున్న అల్లిక తొడుగును రెండు కొసల్లో కాకుండా ఒక కొసలోనే పెట్టెకు కలపండి. పచ్చ తీగ జోలికి పోవద్దు. బల్బు మందగిస్తే, అది తీసేసి సరైన ఫ్యూజు వేసి ఆన్ చెయ్యండి.

నర్సమ్మగారి విషయం నా వల్ల వచ్చింది, నేను రాలేకపోతున్నాను. ఒక్కటే తోస్తోంది. ఇల్లిల్లూ తిరిగి చెప్పడం చేతకాకపోతే, వీధంతటికీ ఒక్కసారే చెప్పే మనిషి మీ ఇంట్లో ఉన్నాడు కదా. యంత్రం కూడా ఉంది.

ఇట్లు,
మీ బావమరిది

---

జూలై 21

బావమరిదికి,

చెప్పాను. ఎలా చెప్పానో విను.

ఆదివారం సాయంత్రం ఐదింటికి. గుర్రు లేదు, నువ్వు చెప్పినట్టే ఒక కొస. స్పీకరు కిటికీలో పెట్టాం. నర్సమ్మగారికి చెప్పి ఒప్పించాను. "క్లుప్తంగా చెప్పండి" అంది, తన గుమ్మంలో కుర్చీ వేసుకుని. మీ అక్క స్విచ్చి దగ్గర. నేను గొంతు సవరించుకుని, సౌండు పూర్తిగా పెంచాను. అది తప్పని ఇప్పుడు తెలుసు.

"వీధి ప్రజలకు గమనిక. గత నెలలో మా ఇంటి వెనక గదిలో, మధ్యాహ్నం రెండు గంటల నుంచి మూడున్నర వరకు, నేనూ ఎదురింటి నర్సమ్మగారూ తలుపు గడియ పెట్టుకుని," అన్నాను.

ఫ్యూజు పోయింది.

నువ్వు చెప్పిన సరైన ఫ్యూజే, నా గొంతుకు ఆగలేదు. కిటికీలోంచి చూస్తే ఒక్కొక్క తలుపే తెరుచుకుంటోంది. జనం అరుగుల మీదికి, ఆపైన రోడ్డు మీదికి వచ్చారు. సైకిల్ మీద పోయేవాడు దిగి స్టాండు వేశాడు. నర్సమ్మగారు కుర్చీలో ఎదురుగా చూస్తూ కూర్చుంది.

ఆ ఫ్యూజు ఆంప్లిఫయర్ పెట్టె లోపలే ఉంది. ప్లగ్గు పీకి నేను మూత మీద పడ్డాను. మీ అక్క కర్ర అడ్డం పెట్టింది.

"ఐదు నిమిషాలు" అంది.

"అవతల ఆవిడ పరువు పోతోందే."

"ఐదు నిమిషాలు."

"కిటికీలోంచి నోటితో చెబుతాను."

"మీరు నోటితో చెబితే ఎవరు వింటారు? నాకే మూడుసార్లు చెప్పాలి." గడియారం వంక చూస్తూనే అంది, "మీరు పోతే ఆ గదిలో ఏం జరిగిందో నాకు చెప్పేవాళ్ళుండరు. జన్మంతా అనుమానంతో చావాలి. అందుకైనా బతికుండండి."

ముప్పై ఒక్క ఏళ్ళలో నాతో ఇంత ప్రేమగా మాట్లాడింది అదే మొదలు. నేను జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఐదు నిమిషాలు ఎంత పొడుగో నాకు అంతవరకు తెలియదు. ఐదొందల మందిని ఆ మాటతోనే గంటలు గంటలు కూర్చోబెట్టానే, వాళ్ళందరూ గుర్తొచ్చారు. బయట జనం పెరుగుతున్నారు. ఎవరో, "గడియ పెట్టుకుని ఏమిటండీ?" అని అరిచారు.

మీటరు సున్నా చూపించింది. ఫ్యూజు వేశాను. సౌండు సగానికి తగ్గించాను. మైకు తీసుకోబోతే మీ అక్క దాన్ని తన వైపు లాక్కుని, ఒక చెయ్యి స్విచ్చి మీదుంచి మాట్లాడింది.

"ఆంప్లిఫయర్ కట్టారు. కరెంటు పని, ఒంటరిగా చెయ్యకూడదని మా తమ్ముడు రాస్తే, ఈయన పోకుండా చూడ్డానికి ఆవిడ కర్ర పట్టుకుని కూర్చుంది. రోజూ గంటన్నర, ఊరికే. లాండ్రీలో ఆ మాట అన్నది నేను. తప్పు నాది. ఇంజక్షన్లు కావలసినవాళ్ళు వెళ్ళి పిలుచుకోండి."

అంతే. నేనైతే అరగంట తీసుకునేవాణ్ణి.

నర్సమ్మగారు లేచి, కుర్చీ మడిచి, "వినపడింది. ఇంక ఆపండి, ఇద్దరు బీపీ మనుషులున్నారు వీధిలో" అని లోపలికి పోయింది. చీకటి పడేలోపు కట్టు ఆయన వాళ్ళింటి తలుపు కొట్టాడు.

ఇవాళ పొద్దున మా ఇంటికి వీధి చివర వాచీలు బాగుచేసే ఆయన వచ్చాడు. తనూ ఒక రేడియో కట్టుకుంటున్నాడట, రెండో మనిషిగా మీ అక్క వచ్చి కూర్చుంటుందా అని అడిగాడు. మీ అక్క కర్ర అందుకుని చెప్పులు వేసుకుంది. గుమ్మం దిగబోతూ ఆగి, "ముందు మీ ఆవిడకు చెప్పి రండి" అంది.

ఆయన ఇంకా తిరిగి రాలేదు.

మీ బావ